ఈస్ట్ హామ్ నుంచి ప్లీడరుగారికి

ఈస్ట్ హామ్, లండన్
2026 ఏప్రిల్ 19, ఆదివారం

ఒరేయ్ ప్లీడరూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మొత్తం ఏడు నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు మీ కోర్టులో పడుతున్న వాయిదాల గోల, ఒక నిమిషం మీ బుడ్డోడి జలుబు. చివర్లో ఒక్క మాట: "అక్కడ చట్టాల్లో కొత్త సంగతులేంటో రాయరా, మెసేజ్ కాదు, ఉత్తరం." సరే, రాస్తున్నా. బయట వాన. చెల్లెమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా అడుగంటింది. ఉత్తరం రాయడానికి ఇంతకన్నా మంచి ఆదివారం దొరకదు.

పొద్దున్నే పై అంతస్తులో ఉండే ముగ్గురు కుర్రాళ్ళు కిందికొచ్చారు. ఒకడిది నరసరావుపేట, మిగతా ఇద్దరిదీ ఖమ్మం. చేతిలో కాగితాలు, మొహాల్లో నెత్తురు చుక్క లేదు. లా చదివి ఇక్కడ సొలిసిటర్ ఆఫీసులో ఫైళ్ళు మోసేవాణ్ణి కాబట్టి ఈ వీధిలో తెలుగు పిల్లలందరికీ నేనే హైకోర్టు. కాగితం తిప్పి చూస్తే ఫారం 6ఏ. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయమని ఓనరు ఇచ్చే నోటీసు అది. ఇంటి చిరునామాకి ఒక గడి, వెళ్ళిపోవాల్సిన తేదీకి ఒక గడి, సంతకానికి ఒక గడి. ఎందుకు పొమ్మంటున్నాడో రాయడానికి మాత్రం గడే లేదు. మర్చిపోయి వదిలేసింది కాదురా, చట్టమే అంత. 1988 నాటి హౌసింగ్ చట్టంలో సెక్షన్ 21 అని ఒకటుంది. దాని కింద ఓనరు కారణం చెప్పక్కర్లేదు. అద్దె టంచనుగా కట్టినా, గోడకి మేకు కూడా కొట్టకుండా ఉన్నా, పొమ్మంటే పోవాల్సిందే.

మనం లా కాలేజీలో బట్టీ పట్టిన 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం గుర్తుందా? విల్‌ఫుల్ డిఫాల్ట్ (కావాలని అద్దె ఎగ్గొట్టడం), బోనాఫైడ్ రిక్వైర్‌మెంట్ (ఓనరుకి నిజంగానే ఇల్లు అవసరం కావడం) అంటూ పరీక్ష ముందు రాత్రి నువ్వు నిద్దట్లో కూడా కలవరించావు. ఏదో ఒక కారణం చూపించందే ఖాళీ చేయించడం కుదరదని కదా దాని సారం. మనకి న్యాయశాస్త్రం నేర్పామని చెప్పుకునే ఈ దేశంలో థాచర్ హయాంలో ఆ కారణాన్నే తీసి అవతల పారేశారు. ముప్ఫై ఏడేళ్ళుగా ఇదే తంతు.

ఇప్పుడు అసలు వార్త. వచ్చే మే 1 నుంచి ఇంగ్లండులో సెక్షన్ 21 ఉండదు. రెంటర్స్ రైట్స్ యాక్ట్ అని కొత్త చట్టం, 2025 అక్టోబరు 27న రాజముద్ర పడింది. ఈ మాట ఇచ్చి ఎన్నాళ్ళయిందనుకున్నావు? థెరెసా మే ప్రభుత్వం 2019లోనే రద్దు చేస్తామంది. 2023లో బిల్లు పెట్టారు. 2024లో ఎన్నికలొచ్చి అది కాస్తా అటకెక్కింది. లేబర్ పార్టీ వాళ్ళు వచ్చి మళ్ళీ మొదటి నుంచి రాశారు. ఇంగ్లండులో కోటీ పది లక్షల మంది ప్రైవేటు అద్దె ఇళ్ళలోనే బతుకుతున్నారు, వాళ్ళందరి గోడూ ఇది. ఏప్రిల్ 30 దాకా ఇచ్చిన పాత నోటీసులు చెల్లుతాయి, కాకపోతే ఓనరు జులై 31 లోపు కోర్టుకెక్కాలి. అందుకే ఈ నెలంతా నోటీసుల జాతర. కుర్రాళ్ళ కాగితం కూడా ఆ తొందరలో వచ్చిందే.

నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. 2023 జనవరిలో మా పాత ఫ్లాటులో బాత్రూం పైకప్పు నల్లగా బూజు పట్టింది. ముందు ఒక మూల చేతి గడియారమంత మచ్చ. సంక్రాంతి నాటికి సగం కప్పు ఆక్రమించింది. తువ్వాలు ఆరేస్తే మర్నాటికి ముక్కిపోయిన వాసన. ఫొటోలు తీసి ఓనరుకి మర్యాదగా మెయిల్ పెట్టా. జవాబు రాలేదు. మళ్ళీ పెట్టా. మూడో వారం తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి జారిపడింది ఇదే ఫారం 6ఏ. బూజు గురించి ఒక్క అక్షరం లేదు. ఉండక్కర్లేదు కదా! మేం ఖాళీ చేసిన నెల తర్వాత ఆ ఫ్లాటు మళ్ళీ అద్దెకి పెట్టారు, మూడొందల పౌండ్లు ఎక్కువకి. ఫొటోలో బాత్రూం కప్పు తెల్లగా మెరిసిపోతోంది.

బూజేగా అని తీసెయ్యకు. రాచ్‌డేల్‌లో 2020లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు ఇంట్లో బూజు వల్లే ఊపిరాడక పోయాడు. అమ్మానాన్నలు హౌసింగ్ సంస్థకి చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ బిడ్డ పేరు మీదే అవాబ్స్ లా వచ్చింది. సోషల్ హౌసింగ్ ఇళ్ళలో, అంటే కౌన్సిళ్ళూ హౌసింగ్ సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళలో, ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉందని చెబితే పది పనిదినాల్లో వచ్చి చూడాలి, ప్రాణం మీదకొచ్చే సమస్యయితే ఇరవై నాలుగు గంటల్లో కదలాలి. అది అమల్లోకి వచ్చింది కూడా అదే అక్టోబరు 27న. ప్రైవేటు ఇళ్ళకీ వర్తింపజేయడానికి కొత్త చట్టంలో దారి పెట్టారు, తేదీ మాత్రం ఇంకా వేయలేదు. నాకైతే ఈ రెండూ ఒకటే అనిపిస్తుంది. పొమ్మంటారన్న భయం ఉన్నన్నాళ్ళూ బూజు గురించి నోరు విప్పేదెవడు?

మే 1 నుంచి ఓనరు కారణం చెప్పి తీరాలి. ఇల్లు అమ్ముకోవాలి, లేదా నేనో నా వాళ్ళో వచ్చి ఉంటాం అంటే నాలుగు నెలల నోటీసు. అదీ అద్దెకి దిగిన మొదటి ఏడాది కుదరదు. అలా ఖాళీ చేయించాక ఏడాదిపాటు వేరే వాళ్ళకి అద్దెకివ్వకూడదు. నా పాత ఓనరు లాంటి వాళ్ళ కోసమే రాసినట్టుంది ఆ ముక్క. అద్దె బాకీ మీద పంపాలంటే మూడు నెలల బాకీ ఉండాలి, ఇన్నాళ్ళూ రెండు నెలలకే పంపేవాళ్ళు. ఏడాదికోసారే అద్దె పెంపు, ఎక్కువనిపిస్తే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, ఓనరు అడిగినదానికన్నా ట్రిబ్యునల్ పెంచకూడదు. ప్రకటనలో రాసిన అద్దె కన్నా పైసా ఎక్కువ పుచ్చుకోకూడదు. నాకు ఒకసారి ఏజెంటు ఫోన్ చేసి "ఇంకో పార్టీ వంద ఎక్కువిస్తానంటున్నాడు, మీరేమంటారు?" అని పశువుల సంతలో బేరంలా అడిగాడు. ఆ బేరం బంద్. కుక్కనో పిల్లినో పెంచుకుంటానని రాసిస్తే ఓనరు ఇరవై ఎనిమిది రోజుల్లో జవాబివ్వాలి, సరైన కారణం లేకుండా కాదనకూడదు. మా ఆవిడ అప్పుడే పిల్లి పేరు ఆలోచిస్తోంది, దేవుడా.

రెండో వైపు కూడా విను, లేకపోతే నువ్వే ఓనరు తరఫున వాదిస్తావు. మాకు తెలిసిన తెనాలి బాబాయి ఒకాయన ఇరవై ఏళ్ళు రాత్రి షిఫ్టులు చేసి రెండో ఇల్లు కొన్నాడు. మొన్న గుడి దగ్గర కనిపించి, "నా ఇల్లు నాకివ్వడానికి నేను కోర్టు మెట్లెక్కాలట, అక్కడ నెలలు పడుతుందట, అమ్మేసి పోతా" అని శివాలెత్తాడు. చట్టం తప్పు అని నేననను. కానీ కోర్టుల ఆలస్యం గురించి ఆయన అన్నది నిజమే. వాయిదాలు మీ ఊరి సొత్తే అనుకున్నావా?

నన్ను అసలు తొలుస్తున్నది ఇంకొకటి. అడ్వాన్సు అద్దె. మన పిల్లలు ఇక్కడికి దిగేసరికి జీతం స్లిప్పులుండవు, క్రెడిట్ హిస్టరీ ఉండదు, పూచీ పడే గ్యారంటర్ ఉండడు. ఏజెంటు ఏమంటాడు? "ఆరు నెలలది ఒకేసారి కట్టు." నెలకి పదిహేను వందల ఫ్లాటయితే తొమ్మిది వేల పౌండ్లు, మన లెక్కలో పది లక్షల పైమాటే. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోనులో మొదటి కోత అదే. ఇప్పుడా పద్ధతికి చెల్లుచీటీ: అగ్రిమెంటు సంతకం కాకముందు అద్దె పుచ్చుకోకూడదు, అయ్యాక కూడా ఒక నెలది మించి ముందుగా అడక్కూడదు. వినడానికి చెవుల్లో తేనె పోసినట్టుంది. కానీ ఆ దోపిడీయే మన వాళ్ళకి ఉన్న ఏకైక తలుపు కూడా. డబ్బు ముందే పడేస్తే గ్యారంటర్ ఊసెత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు గ్యారంటర్‌నే అడుగుతారు, ఇంగ్లండులో ఇల్లూ జీతమూ ఉన్నవాణ్ణి. పిడుగురాళ్ళ నుంచి నిన్న దిగిన పిల్లాడికి ఎవడు పూచీ పడతాడు? వాట్సాప్ గ్రూపులో అప్పుడే మొదలైంది: "అన్నా, గ్యారంటర్ సైన్ చేస్తావా?" ఒకడికి చేస్తా, ఇద్దరికి చేస్తా. వాడు అద్దె ఎగ్గొడితే నా జీతం మీద పడుతుంది.

ఇంకో సంగతి, ఓనరు తను ఉండే ఇంట్లోనే వంటిల్లు పంచుకుంటూ ఒక గది అద్దెకిస్తే అది ఈ చట్టం కిందికి రాదు. వాళ్ళని లాడ్జర్ అంటారు. మన పిల్లల్లో ఎంతమంది "అకామడేషన్ దొరికింది అన్నా" అంటూ అలాంటి గదుల్లో, ఒకే గదిలో రెండు పరుపులేసుకుని ఉంటున్నారో నీకు తెలీదు. వాళ్ళకి మే 1 అయినా, ఏప్రిల్ 30 అయినా ఒకటే.

సరే, కోర్టుల సంగతి. కార్ల లోన్ల తీర్పు విన్నావా? 2025 ఆగస్టు 1, శుక్రవారం సాయంత్రం, షేర్ మార్కెట్ మూసేదాకా ఆగి మరీ సుప్రీంకోర్టు చెప్పింది. కారు అమ్మిన డీలరు లోను ఇప్పించి ఫైనాన్స్ కంపెనీ దగ్గర గుట్టుగా కమీషన్ కొడతాడు. అది లంచంతో సమానం అని కింది అప్పీలు కోర్టు అంటే బ్యాంకులకి చెమటలు పట్టాయి. సుప్రీంకోర్టు మాత్రం డీలరు తన సరుకు తను అమ్ముకునేవాడు, కొనేవాడి మేలు చూసే బాధ్యత అతనికి లేదు అంది. కేసు వేసిన ముగ్గురిలో ఒక్కడే గెలిచాడు. కార్డిఫ్‌లో సుజుకి స్విఫ్ట్ కొన్నాయన. ఆయన లోను మొత్తం ఖర్చులో కమీషనే 55 శాతం! 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం కింద ఆ లావాదేవీ అన్యాయమని కమీషనూ వడ్డీ తిరిగి ఇప్పించారు. డీలరు ఇచ్చిన కాఫీ తాగి సంతకం పెట్టిన నా లోను కాగితాలు నేనూ బయటికి తీశాను, తర్వాత చెబుతా.

నీ జూనియర్‌కి ఇది చదివి వినిపించు. 2025 జూన్‌లో ఇక్కడి హైకోర్టు ఇద్దరు జడ్జిల బెంచి ఒక తీర్పిచ్చింది. ఇల్లు లేని ఒకాయన తరఫున లండన్‌లోని హారింగే కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) మీద వేసిన కేసులో ఐదు తీర్పులు ఉటంకించారు. ఐదూ లేవు! పేర్లున్నాయి, నంబర్లున్నాయి, అంతా అచ్చం నిజం తీర్పులాగే. ఖతార్ బ్యాంకు మీద వేసిన ఇంకో కేసులో 45 సైటేషన్లు (పాత తీర్పుల ప్రస్తావనలు) ఇస్తే 18 పుట్టనే లేదు. ఆ సొలిసిటర్ ఏం చేశాడో తెలుసా, కక్షిదారు ఏఐలో వెతికి ఇచ్చినవి చూడకుండా కోర్టులో పెట్టాడు. క్లయింటు చేసిన రీసెర్చి మీద లాయరు ఆధారపడడం, రోగి రాసిచ్చిన మందుల చీటీ మీద డాక్టరు సంతకం పెట్టినట్టు లేదూ? ఇలాంటివి కోర్టు ధిక్కారం కావచ్చు, మరీ ముదిరితే యావజ్జీవం దాకా పోవచ్చు అని ఆ బెంచిలోని జడ్జి డేమ్ విక్టోరియా షార్ప్ హెచ్చరించారు. నువ్వు మొన్న మెమోలో పెట్టానన్న ఆ "మద్రాసు హైకోర్టు తీర్పు" ఒకసారి పుస్తకం తీసి చూసుకో. నవ్వకు.

విడాకుల్లో స్టాండిష్ కేసని ఒకటి పెద్ద దుమారం. పన్ను తప్పించుకోవడానికి మొగుడు పెళ్ళాం పేర ఏడున్నర కోట్ల పౌండ్ల పైచిలుకు ఆస్తి మార్చాడు. అంతమాత్రాన అది ఇద్దరిదీ అయిపోదని సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీధనం మీద నీ లెక్చరు తర్వాత వింటాలే.

కుర్రాళ్ళ దగ్గరికొద్దాం. కాగితం చదివాక అడిగాను: "డిపాజిట్ ఎంత కట్టారు, ఎక్కడ పెట్టారు?" ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. ఇక్కడ డిపాజిట్‌ని ముప్ఫై రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఒకదాంట్లో భద్రపరచాలి. లేకపోతే ఆ డిపాజిట్ వెనక్కి ఇచ్చేదాకా సెక్షన్ 21 నోటీసు ఇవ్వకూడదు. పైగా డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు ఓనరే కుర్రాళ్ళకి కట్టాల్సి రావచ్చు. మా టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, పోస్ట్‌కోడ్, ఇంటిపేరు, దిగిన తేదీ, డిపాజిట్ మొత్తం కొట్టాం. మొదటి స్కీములో లేదు. రెండో దాంట్లో లేదు. నరసరావుపేటవాడు ఊపిరి బిగబట్టాడు. మూడో దాంట్లోనూ లేదు.

అంటే ఆ నోటీసు చెల్లదు. ఓనరు ఇప్పుడు డిపాజిట్ వాపసిచ్చి మళ్ళీ కొత్త నోటీసు ఇవ్వాలంటే ఏప్రిల్ 30 లోపే ఇవ్వాలి. అంటే పదకొండు రోజులు. ఈలోగా ఓనరుకి గుర్తొస్తుందా లేదా అన్నది ఆయన జాతకం. రేపు మా సొలిసిటర్‌కి కూడా ఓసారి చూపించమన్నాను, నా ఒక్కడి మాట మీద ఆగకుండా. ఓనరుకి మాత్రం ఇప్పుడే ఏమీ రాయొద్దని ముగ్గురి చేతా ఒట్టేయించుకున్నాను.

పైన పులిహోర పోపు వాసనొస్తోంది, ఇందాకటి నుంచి "అన్నా రా, రా" అని మెట్ల మీంచి కేకలు. ఫీజు అన్నమాట. వెళ్ళొస్తా.

నీ
బ్యాక్‌బెంచిగాడు