ఎర్ర అవక్షేపం చూసి బహుమతి ఇవ్వొద్దు

సంపాదకులకు,

బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో భూమికి తెచ్చిన నమూనాల్లో రైబోజ్, గ్లూకోజ్ అనే చక్కెరలు ఉన్నాయని 2025 డిసెంబరులో వెల్లడైంది. ఇక మన విశాఖ కాలేజీల సైన్స్ ఎగ్జిబిషన్లలో ‘ప్రాణి పుట్టకముందే చక్కెర’ అనే అంశానికి గిరాకీ పెరగడం సహజం, సంతోషమే కూడా. కాకపోతే ఫార్మాల్డిహైడ్‌లో సున్నం కలిపి, చక్కెరను గుర్తించడానికి వాడే ఫెహ్లింగ్ పరీక్షలో ఎర్ర అవక్షేపం (ద్రవం అడుగున పేరుకునే పొడి) చూపించి, చక్కెర తయారైందంటే నమ్మకూడదు. చక్కెర లేశమైనా లేకపోయినా ఫార్మాల్డిహైడే ఆ ఎరుపు ఇస్తుంది.

1861లో రష్యన్ రసాయనవేత్త బట్లెరోవ్ చేసిన ఈ ప్రయోగానికి పెద్ద ఖర్చేమీ కాదు. 2018లో అస్సాం మన చేపల్ని ఆపేసినప్పుడు అందరి నోళ్లలో నానిన ఫార్మలిన్ (నీళ్లలో 37 శాతం ఫార్మాల్డిహైడ్) 8 మిల్లీలీటర్లు తీసుకుని, నీళ్లతో 100 చేయాలి. 60 డిగ్రీల వాటర్‌బాత్‌లో పెట్టి, 2 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ (సున్నం) వేసి కలుపుతూ ఉండాలి. మూత సరిగా లేని డబ్బాలోది పనికిరాదు, గాలి తగిలి కార్బనేట్ అయిపోతుంది. మొదట కొంతసేపు ఏ మార్పూ కనిపించదు. అక్కడే విద్యార్థులు కంగారుపడి సున్నం పెంచేస్తారు. అప్పుడు ఫార్మాల్డిహైడ్‌లో చాలా భాగం మెథనాల్, ఫార్మేట్‌గా మారి వృథా అవుతుంది. నిజానికి మార్పు కనిపించని ఆ వ్యవధిలోనే గ్లైకోలాల్డిహైడ్ (రెండు కార్బన్ల చిన్న అణువు, చక్కెరలకు తొలి మెట్టు) కొద్దికొద్దిగా పోగవుతుంది. అది తన తయారీని తానే వేగవంతం చేసుకుంటుంది కాబట్టి, చర్య మొదలయ్యాక మరి ఆగదు. ద్రవం లేత పసుపు తిరగ్గానే ఐసులో దించి, ఆక్సాలిక్ ఆమ్లంతో తటస్థపరిచి, తెల్లటి కాల్షియం ఆక్సలేట్‌ను వడకట్టాలి. ఏమరుపాటుగా ఉంటే గోధుమరంగు తారు మిగులుతుంది.

చిటికెడు గ్లూకోజ్ వేస్తే చర్య త్వరగా అందుకుంటుంది. వేయడం తప్పు కాదు గానీ, చక్కెర వేసి చక్కెర పుట్టిందనే ముందు ఆ మాట చార్టు మీద రాయాలి.

న్యాయనిర్ణేతలు అడగాల్సింది పేపర్ క్రొమటోగ్రఫీ, అంటే మిశ్రమంలోని పదార్థాల్ని కాగితం మీద విడదీసి చూపే పద్ధతి. ఒకే కాగితం మీద రైబోజ్, గ్లూకోజ్, సున్నం వేయని ఫార్మలిన్, వచ్చిన ద్రవం పక్కపక్కన నడిపి, చక్కెరలున్న చోట రంగు తేల్చే అనిలిన్ థాలేట్ చల్లి వేడిచేయమనండి. నిజాయతీగా చేస్తే ఒక్క విడి మచ్చ రాదు, ఎన్నో చక్కెరలు కలగలిసిన చార వస్తుంది. అందులో ఆర్‌ఎన్‌ఏకు కావలసిన రైబోజ్ మామూలుగా ఒక శాతంలోపే. అదీ నిలవదు: 100 డిగ్రీల వద్ద, తటస్థ ద్రావణంలో 73 నిమిషాలకే సగం నశిస్తుంది. బోరేట్ (బోరాన్ లవణం) ఉంటే దాన్ని కొంత కాపాడుతుందని 2004లో చూపించారు. ఈ చిక్కును చార్టు మీద పెట్టిన జట్టుకే మొదటి బహుమతి ఇవ్వాలని మా అభిప్రాయం.

ఇది డిగ్రీ స్థాయి ప్రయోగం. ఫ్యూమ్‌హుడ్, గ్లోవ్స్, కళ్లద్దాలు లేనిచోట చేయనివ్వకూడదు. ఎగ్జిబిషన్ హాల్లోకి క్రొమటోగ్రఫీ కాగితాలు, ఫొటోలు తెస్తే చాలు. మిగిలిన ద్రవాన్ని సింకులో పారబోయకుండా మూత బిగించిన సీసాలో పోసి, పేరు రాసిన చీటీ అంటించి, ల్యాబ్ రసాయన వ్యర్థాలతో పంపాలి.

– కొందరు రసాయనశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం