శ్రుతి తప్పితే ఫర్లేదు: హాస్యగీతాల బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. పోయినేడు రాసినదాన్ని చివరిదాకా చదివినవాళ్లు ముగ్గురేనని విచారిస్తే తేలింది. వాళ్లలో ఒకరు మా ఆవిడ, అదీ అచ్చుతప్పులు చూసిపెట్టమని నేను బతిమాలితే. అందుకని ఈసారి హాజరు పట్టికలూ తీర్మానాల నంబర్లూ పక్కన పెట్టేశాను. ఏడాది పొడుగునా మన ఇళ్లలో జరిగిన అల్లరి ఎలా సాగిందో మాత్రం చెబుతాను.

మొత్తం 14 పాటలు మొదలుపెట్టాం. 9 పూర్తయ్యాయి. మిగిలిన ఐదులో రెండు పల్లవి దగ్గరే ఆగిపోయాయి. ఒకటి ఫోను మార్చినప్పుడు గల్లంతైంది. ఒకదాన్ని మనమే వెనక్కి తీసుకున్నాం, దాని సంగతి విడిగా చెప్పాలి. ఇంకోదానికి రెండో చరణం ఇప్పటికీ కుదరలేదు.

పూర్తయిన తొమ్మిదిలో బయటివాళ్లు విని నవ్వినవి ఒకటో రెండో. మన మధ్య మాత్రం ఎనిమిది బాగా పేలాయి. పేలని ఆ ఒక్కటీ ఏదో మీకు గుర్తుండే ఉంటుంది: 'అందరికీ నచ్చే పాట' ఒకటి చేద్దామని కమిటీలో కూర్చుని మరీ రాసిన పాట. ట్రాఫిక్ ఉంది, సెల్‌ఫోను ఉంది, నెట్‌వర్క్ రాకపోవడం ఉంది. ఎవరి ఇల్లూ లేదు, ఎవరి మాట తీరూ లేదు. రికార్డింగు మాత్రం ఏడాదంతటికీ అదే శుభ్రంగా వచ్చింది, పాపం.

కళ్లజోడు పాట

ఈ ఏడాది ఎక్కువసార్లు పాడిందీ, మనకు ఎక్కువ నేర్పిందీ ఇదే. ఒక సభ్యుడి ఇంట్లో తాతగారు కళ్లజోడును నెత్తిమీదికి తోసుకుని, దానికోసం ఇంటిల్లిపాదినీ మంచాల కిందికి దూర్చారు. చివరికి అద్దంలో ఆయనకే కనబడింది. 'ఇక్కడ పెట్టిందెవర్రా?' అని అందరినీ తిట్టారట. ఆ సాయంత్రమే మనవరాలు పల్లవి రాసి పంపింది:

కళ్లజోడు కానరాదు తాతగారికి
ఇల్లు పీకి పందిరేసె ఆఖరాఖరికి

రాయడం పది నిమిషాల పని. పాడబోతే మాత్రం అడుగు పడలేదు. మనం అనుకున్న బాణీలో 'జోడు' దగ్గరికి వచ్చేసరికి అందరూ తలో దిక్కుకూ వెళ్లిపోతున్నారు. రెండు వారాలు గొంతుల్నే అనుమానించాం. ఎవరి గొంతు బాగాలేదో తేల్చడానికి ఒక పూట గొడవ కూడా జరిగింది, అందులో నేనూ ఉన్నాను. ఆ తర్వాత మన తెలుగు మాస్టారు వేళ్లమీద లెక్కపెట్టి అసలు రోగం పట్టుకున్నారు. 'కళ్లజోడు'లో 'క' తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి అది గురువు, రెండు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు). 'ళ్ల' ఒకటి, 'జో' రెండు, 'డు' ఒకటి. అంటే మూడూ మూడూ ఆరు. 'తకిట తకిట' అన్నమాట. పల్లవి రెండు పాదాలూ అదే నడకలో ఉన్నాయి. మనం పెట్టుకున్న బాణీయేమో 'తకధిమి తకధిమి' అని నాలుగేసి మాత్రల్లో నడుస్తోంది. మూడు కాళ్ల పీటని నాలుగు గుంటల్లో నిలబెట్టాలని చూశాం.

మాట మార్చొచ్చు. 'కళ్లద్దాలూ' అని చివర కాస్త సాగదీస్తే సరిగ్గా ఎనిమిది మాత్రలు, నాలుగూ నాలుగూ, బాణీలో ఒదిగిపోతుంది. చాలామంది దానికే మొగ్గుచూపారు. మనవరాలు ససేమిరా అంది. తాతగారు జన్మలో 'కళ్లద్దాలు' అనలేదు, ఎప్పుడూ 'నా కళ్లజోడేదే' అనే అంటారు, ఆ మాట పోతే పాటలో తాతగారే ఉండరని ఆ అమ్మాయి వాదన. సభ ఒప్పుకుంది. మాటని అలాగే ఉంచి బాణీని మూడేసి మాత్రల తిస్రగతిలోకి మార్చాం. ఇప్పుడు ఎవరు పాడినా ఆ వాక్యం వెతుకుతున్న మనిషిలాగే గబగబా నడుస్తుంది. అది మేం ముందుగా ఆలోచించి చేసింది కాదు.

పల్లవి పాదాల్లో రెండో అక్షరాలైన 'ళ్ల'కూ 'ల్ల'కూ ప్రాస ఎలా కలుస్తుందని అడిగిన సభ్యుడికి: లకార ళకారాలకు ప్రాస చెల్లుతుందని మాస్టారు తీర్పిచ్చారు. చెల్లకపోయినా తాతగారు నవ్వాక ఇంక మనం మార్చేవాళ్లం కాదనుకోండి.

గురకకు ఆదితాళం

రెండో పేరు గురక పాటది. ఒక మావయ్యగారి గురకనే తాళంగా వాడుకుందామన్న ఆలోచన వాళ్ల అల్లుడిది. (అల్లుడికి అంత ధైర్యం ఎలా వచ్చిందని అడక్కండి.) నిద్రలో ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. మావయ్యగారివి లెక్కపెడితే 15 వచ్చాయి, అంటే నాలుగు సెకన్లకొక గురక. పాట వేగాన్ని నిమిషానికి 60 దెబ్బలుగా పెట్టుకుంటే, ఎనిమిది దెబ్బల ఆదితాళం ఒక ఆవర్తనంలో, అంటే ఒక చుట్టులో, సరిగ్గా రెండు గురకలు పడతాయి. కాగితం మీద అద్భుతం. రాత్రి ఫోను పట్టుకుని కూర్చుంటే మూడో ఆవర్తనంలో ఆయన పక్కకు ఒత్తిగిల్లారు, తాళం మారిపోయింది. చివరికి బాగా వచ్చిన ఒక్క ఆవర్తనాన్నే కత్తిరించి, పాట పొడుగునా పదేపదే అతికించాం.

తెల్లారాక ఆయనకు వినిపించి అనుమతి అడిగాం. 'వాడుకోండి, కానీ ఇది నేను కాదు' అన్నారు. ఆ మాట మనలో ప్రతివాడూ మొదటి రికార్డింగు విన్నప్పుడు అన్నదే. మన గొంతు మనకు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, ఆ దారిన మంద్రధ్వనులు ఎక్కువగా అందుతాయి. రికార్డింగులో అవి ఉండవు కాబట్టి ఎవరిదో పలచని గొంతులా తోస్తుంది. కొత్తగా చేరినవాళ్లు దీనికి కంగారుపడి మానేయొద్దు. నాలుగైదు సార్లు వింటే అలవాటైపోతుంది. గురకకు ఈ సూత్రం వర్తించదు, నిద్రలో ఎవరూ తమది వినరు. మావయ్యగారిది ఉత్త బుకాయింపు.

బాణీలు

సినిమా పాటకు మన మాటలు తొడగడం తేలిక, వినేవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది కూడా. నలుగురం కూర్చుని పాడుకున్నంతసేపూ చిక్కేమీ రాలేదు. ఒక సభ్యుడు అలాంటిదాన్ని కరావొకే ట్రాక్ (గొంతు లేకుండా వాద్యాలే ఉన్న పాట) మీద పాడి ఒక వీడియో వేదికలో పెడితే, కాసేపటికే శబ్దం తీసేశారు. పెదాలు కదులుతున్నాయి, పాట లేదు. నిజం చెప్పాలంటే మేం దానికే ఎక్కువ నవ్వాం. ఆయన మాత్రం 'మాటలన్నీ నావే కదా' అని ఇప్పటికీ మథనపడుతున్నారు. మాటలు ఆయనవే. బాణీ సంగీతకర్తది, ఆ ట్రాక్ చేసినవాళ్ల హక్కు మళ్లీ వేరు. కాపీహక్కుల మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం బాణీ మీద హక్కులు దాన్ని కట్టినవారు పోయాక కనీసం 50 ఏళ్లు ఉంటాయి, చాలా దేశాల్లో 60, 70 ఏళ్ల దాకా కూడా. పేరడీకి ఎంత వెసులుబాటు ఉందన్నది దేశానికొక తీరు.

అందుకే ఏడాది సగం నుంచి సొంత బాణీలకు మారాం. సంగీతం రానివాళ్లకు మన హార్మోనియం అక్కయ్య చెప్పిన కిటుకు మోహనరాగం. సరిగపద, ఐదే స్వరాలు. ఒకదానిమీద నిలవబోయి ఇంకోదానిమీద పడినా మరీ కర్ణకఠోరంగా ఉండదు. మన తొమ్మిది పాటల్లో నాలుగు ఇందుకే అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. వచ్చే ఏడు ఇంకో రాగం నేర్చుకోవాలని ఆవిడ హెచ్చరిక.

రికార్డింగు అవస్థలు

వేరే ఊళ్లలో ఉన్న చుట్టాలతో వీడియో కాల్‌లో కలిసి పాడదామని మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ అభాసుపాలయ్యాం. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. కాల్‌లో మాట చేరడానికి సెకనులో అయిదో వంతు పట్టినా, తిరిగి వచ్చేసరికి దాదాపు ఒక దెబ్బ వెనకబడినట్టే. వాళ్లు మనకోసం ఆగుతారు, మనం వాళ్లకోసం ఆగుతాం, పాట నత్తనడక నడిచి ఎక్కడో కూలబడుతుంది. ఒకే గదిలో అయితే శబ్దం మీటరుకు 3 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది కాబట్టి ఈ బాధ తెలియదు.

చివరికి దారి దొరికింది. ఒకరు తాళంతో సహా పాట మొత్తం పాడి పంపుతారు. మిగతావాళ్లు దాన్ని ఇయర్‌ఫోన్‌లో వింటూ తమ గొంతు ఒక్కటే రికార్డు చేసి పంపుతారు. మొదట్లో 'ఒకటి రెండు మూడు నాలుగు' అని లెక్కపెట్టి ఒక చప్పట కొడితే, ఆ చప్పట్లన్నీ ఒకచోటికి జరిపితే చాలు, అందరూ కలుస్తారు. ఇయర్‌ఫోను వైరున్నదే వాడండి. బ్లూటూత్‌ది ఆలస్యంగా వినిపిస్తుంది, ఒక బావగారు ఏడాదంతా తాళం తప్పుతున్నారని ఆడిపోసుకున్నాం గానీ తప్పు ఆయనది కాదు. ఈ నివేదిక ద్వారా ఆయనకు క్షమాపణ.

మిగతా సంగతులు మీకు తెలిసినవే. ఫ్యాను ఆపాలి. గదిలో గోడలు ఖాళీగా ఉంటే గొంతు మోగుతుంది, బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడితే చాలావరకు తగ్గుతుంది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి, లేకపోతే 'ప', 'భ' పలికినప్పుడల్లా ఊదినట్టు వస్తుంది. గట్టిగా అరిచే చోట వెనక్కి జరగండి. ఒకసారి శబ్దం పగిలిందంటే తర్వాత ఏ యాప్‌తోనూ పూర్తిగా బాగుపడదు.

ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పాలి. మధ్యలో నవ్వొచ్చి ఆగిపోయిన టేకుల్ని చెరిపేయకండి. కళ్లజోడు పాటలో నవ్వులన్నీ కత్తిరించి, అందరూ బుద్ధిమంతుల్లా పాడిన ప్రతి ఒకటి తయారుచేశాం. విన్న తాతగారు 'బాగుంది' అన్నారు. ఆయన ఆ మాట అంటే బాగాలేదనే అర్థం. మూడో టేకులో మనవరాలు 'నెత్తిమీద' అనబోయి పకపకా నవ్వేసిన ముక్కని తిరిగి పెట్టాం.

వెనక్కి తీసుకున్న పాట

ఇది రాయాలా వద్దా అని కమిటీలో చర్చ జరిగింది. రాయాలనే నేను పట్టుబట్టాను.

కళ్లజోడు పాట ఊపులో మతిమరుపు మీద ఇంకోటి రాశాం. ఈసారి ఒక సభ్యురాలి పిన్నిగారి మీద. పొయ్యి మీద పెట్టింది మరిచిపోవడం, ఒకరిని ఇంకొకరి పేరుతో పిలవడం, అడిగిందే మళ్లీ అడగడం. సభలో పాడాం, అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఆ మరుపు కోసమే కొద్దికాలంగా డాక్టరు దగ్గరికి తిరుగుతున్నారట. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అన్నిటికంటే భయపడుతున్న విషయాన్ని మనం తాళం వేసి పాడాం.

ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు లేదని కొందరన్నారు. నేను ఒప్పుకోను. తాతగారి పాట ఆయన పక్కన కూర్చుని ఉండగా, ఆయన తిట్లతో సహా తయారైంది. పిన్నిగారి పాట ఆవిడ లేనప్పుడు రాశాం, ఒక్కసారైనా ఆవిడకు ముందు వినిపించలేదు. పైగా అప్పటికే నాలుగైదు గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. చెరిపేయమని అందరినీ అడిగాం, అందరూ చెరిపారో లేదో మన చేతుల్లో లేదు.

అప్పటినుంచి అమల్లో ఉన్న నియమం మరోసారి: పాట ఎవరిమీద ఉందో వాళ్లే మొదట వినాలి, అదీ ఒంటరిగా, నలుగురి మధ్య కాదు. నలుగురి మధ్య అయితే మొహమాటానికి నవ్వుతారు. ఏ లైనునైనా కారణం చెప్పకుండా కొట్టేయమనే హక్కు వాళ్లది. వాళ్లు సరే అనేదాకా పాట గది దాటకూడదు.

పిన్నిగారు ఆ తర్వాత సభలకు రాలేదు. పదేపదే పిలవడం కూడా టెన్షనే అని వాళ్లమ్మాయి చెబితే మానేశాం.

పిల్లల విభాగం, లెక్కలు

పిల్లలు ఈ ఏడు రెండు పాటలు చేశారు. ఒకటి హోంవర్కు చేయకపోవడానికి సాకుల మీద. రెండోది నామీద. పేరు 'నివేదిక మావయ్య'. నియమం ప్రకారం ఇద్దరు పిల్లలు వచ్చి నన్ను గదిలో కూర్చోబెట్టి, తలుపేసి వినిపించారు. 'ఒక్క మాట' అని మైకు పట్టుకుని గంట వదలడని ఒక లైను. ఒక్కడినే ఉన్నాను కాబట్టి నవ్వాల్సిన అవసరం లేకపోయింది. కాసేపు గుచ్చుకుంది కూడా. కొట్టేయమనడానికి నోరు తెరిచి, కారణం చెప్పక్కర్లేదని తెలిసీ, సరైన కారణం ఒకటి వెతుక్కుంటూ కూర్చున్నాను. దొరకలేదు. ఆ లైను ఉంది.

లెక్కలు: పాటలన్నీ ఇళ్లలోని ఫోన్లతో, ఉచితంగా దొరికే యాప్‌లతో చేసినవే కాబట్టి కోశాధికారికి ఈ ఏడు పనిలేదు. అరువు తెచ్చిన మైకు మాత్రం మూడిళ్లు తిరిగి ఎక్కడో ఆగింది. ఎవరింట్లో ఉందో వాళ్లు చెబితే చాలు, ఎందుకు ఇవ్వలేదని అడగం.

ఇక మిగిలింది రెండో చరణం లేని పాట. 'ఐదు నిమిషాల్లో బయల్దేరదాం' అనే ఒక సభ్యుడి నాన్నగారి మీద. మొదటి చరణంలో ఆయన చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వస్తారు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి లోపలికి వెళ్తారు. ఏం గుర్తొచ్చిందో ఎవరం తేల్చలేకపోతున్నాం. నడక నాలుగేసి మాత్రలు, తకధిమి. ఆ నాన్నగారు మొదటి చరణం విని సరే అన్నారు. తోచినవాళ్లు వచ్చే సభలోగా పంపండి.

ఇట్లు,
కార్యదర్శి