యువజన ఆదివారం ముందు అమ్మ ఉత్తరం

బిడ్డా,

ప్రభువు నీకు తోడుండును గాక. యువజన ఆదివారం ఆరాధన మొత్తం మీ యూత్‌కే అప్పజెప్పారని, నడిపించే బాధ్యత నీ మీద పెట్టారని తెలిసి ఇద్దరం మస్తు సంబరపడ్డాం. నువ్వు పంపిన ప్లాన్ బాపూ నేనూ కూర్చుని చదివాం.

పాటల ప్రాక్టీసుకు నాలుగు శనివారాలు రాసుకున్నారు. వాక్యపఠనం ఎదురుగా మాత్రం "ఎవరైనా ఒకరు" అని ఉంది. ఆ మాట కొట్టేసి ఇవాళే పేరు రాయి. యూత్ నడిపే ఆరాధన పాటల దగ్గర చెడేది తక్కువ. తయారీ ఎందుకులే అనుకున్న చోటే చెడుతుంది. వాక్యం చదవడం, ప్రార్థన, ఒకరి వెనుక ఒకరు లేచి రావడం, ఈ మూడూ అలాంటివే.

మీ బ్యానర్ మీద ఒకటో తిమోతి 4:12 వేయిస్తున్నారట, యౌవనాన్ని బట్టి నిన్నెవరూ తృణీకరించనియ్యకు అని. దాని కిందనే ఉన్న 13వ వచనాన్ని ఎవరూ అచ్చు వేయించరు. తిమోతికి పౌలు చెప్పిన పనుల్లో అక్కడ మొదట వచ్చేది చదవడం, అదీ సంఘం ముందు పైకి చదవడం.

చదివేవాళ్లకు భాగాన్ని వారం ముందే ఇవ్వు. మన పాత అనువాదంలో వాక్యాలు పొడుగు, క్రియ ఎక్కడో చివరికి వస్తుంది. వచనం అంకె కనబడగానే గొంతు దించి ఆగడం మీ వయసు పిల్లల అలవాటు. పౌలు పత్రికల్లో ఒక వచనంలో ఎత్తుకున్న మాట రెండు మూడు వచనాలు దాటాక గానీ ముగియదు. ఎఫెసీ మొదటి అధ్యాయంలో 3 నుంచి 14 దాకా గ్రీకులో ఒకటే వాక్యం. అంకెల దగ్గర ఆగుతూ పోతే వినేవాళ్లకు ముక్కలే మిగులుతాయి. అర్థం పూర్తయ్యే చోట పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టుకుని, అక్కడే ఊపిరి తీసుకోమను. యెహోషాపాతు, నెబుకద్నెజరు లాంటి పేర్లను విరిచి విరిచి ఇంట్లోనే నోటికి అలవాటు చేసుకోవాలి. తడబడితే "సారీ" అనొద్దు, ఆ పేరు దగ్గర్నుంచి మళ్లీ అందుకుంటే సరిపోతుంది. పన్నెండు వచనాలకు సుమారు రెండున్నర నిమిషాలు పట్టాలి. నిమిషంన్నరలో అయిపోయిందంటే పరుగెత్తారన్నమాట.

గ్రంథం, అధ్యాయం, వచనం రెండుసార్లు చెప్పి, పేజీలు తిప్పే చప్పుడు ఆగేదాకా ఆగాలి. పేజీ నంబరు చెప్పొద్దు, ఒక్కో ముద్రణకు ఒక్కోలా ఉంటుంది. ఫోన్లో చూసి అసలే చదవనియ్యకు. మధ్యలో కాల్ వచ్చిందంటే తెర మీద యెషయా పోయి మేనమామ పేరు వస్తుంది.

ఉత్తర ప్రత్యుత్తర పఠనానికి "119వ కీర్తన" అని రాశారు. అది 176 వచనాలు బిడ్డా! ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు, చదివితే అందులో ఒక్క భాగం చాలు. నన్నడిగితే 136 తీసుకో. 26 వచనాల్లోనూ రెండో సగం "ఆయన కృప నిరంతరముండును" అనే. మొదటి సగం మీరు చదవండి, ఆ మాట సంఘం అంటుంది. చదువురాని నాయనమ్మలు కూడా రెండో వచనానికే అందుకుంటారు. ముందు వరసలో నలుగురు యూత్‌ను కూర్చోబెట్టి గట్టిగా అనమంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

పాటల్లో నేను చెప్పేది శ్రుతి ఒక్కటే. రికార్డింగులో విన్న శ్రుతిలోనే పాడాలని మీ మగపిల్లలు పట్టుబడతారు. చరణం పైకి ఎక్కేసరికి సంఘం నోరు మూసుకుని వాళ్లను చూస్తూ నిలబడుతుంది. ఆడా మగా కలిసి పాడే పాటలో అన్నిటికన్నా పై స్వరం సి, మహా అయితే డి దాటొద్దు. శ్రుతి పెట్టుకునేటప్పుడు పల్లవి పాడి చూస్తే తెలియదు, చరణంలో ఎక్కే చోటు పాడి చూడండి. శ్రుతి మార్చాక కీబోర్డ్ అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్‌ను తర్వాతి పాటకు సున్నాకు తెచ్చాడో లేదో ఇంకొకరు చూడాలి. అది మరిచిపోతే గిటార్ ఒక దారి, కీబోర్డ్ ఒక దారి. తెర మీద పాట వేస్తే స్లైడ్‌కు నాలుగు పంక్తులే ఉండాలి. చివరి పంక్తి మొదలవగానే తర్వాతిది రావాలి, అయిపోయాక కాదు.

మైకు సంగతి బాపు రాయమన్నాడు. స్పీకర్లు పాడేవాళ్ల కన్నా ముందుండాలి, వెనుక పెడితే కూత పెడతాయి. మైకు జాలీని గుప్పిట్లో మూసినా అంతే. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు పట్టుకుంటే ప, భ దగ్గర ఊదినట్టు రాదు. గుడి ఖాళీగా ఉన్నప్పుడు సరిచేసిన వాల్యూమ్ జనం నిండాక చాలదు, మనుషులు చప్పుడును పీల్చుకుంటారు. ఆ రోజు మిక్సర్ దగ్గర ఒక్కరే ఉండాలట, నలుగురు చేతులు పెట్టొద్దట.

సంఘం కోసం చేసే ప్రార్థన నాలుగైదు నిమిషాలు మించొద్దు. మాట మాటకూ "ప్రభువా, తండ్రీ" రావడం తయారు కాలేదనడానికి గుర్తు. కాగితం మీద రాసుకుంటే భక్తి తగ్గదు. మన మనుషుల బతుకులు అందులో కనబడాలి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతులు, కాజీపేటలో రాత్రి డ్యూటీ రైల్వేవాళ్లు, భూపాలపల్లి గనుల్లో షిఫ్టులకు దిగేవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న తండ్రులు, హన్మకొండ హాస్టళ్లలో పరీక్షలకు చదివే పిల్లలు. రోగుల పేర్లు ఇంటివాళ్లను అడిగాకే చదవండి, జబ్బు పేరు మాత్రం ఎప్పుడూ వద్దు. ప్రార్థన పేరుతో ఎవరికీ బుద్ధి చెప్పొద్దు, దేవుడికి చెబుతున్నట్టు నటిస్తూ మూడో బెంచీ వాళ్లను తిట్టడం అందరికీ తెలిసిపోతుంది.

"ఇప్పుడు ఫలానా సోదరి వచ్చి..." అని ప్రతిసారీ పిలవొద్దు. పన్నెండు మందిని పిలిచి, వాళ్లు నడిచి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు ఊరికే పోతాయి. తర్వాత చేయాల్సినవాళ్లు పాట చివరి చరణంలోనే లేచి పక్కకు వచ్చి నిలబడాలి. ఆరాధన క్రమం నాలుగు కాపీలు తీయించు, ఒకటి పాస్టరు అయ్యగారికి, ఒకటి కీబోర్డ్ దగ్గర, ఒకటి మిక్సర్ దగ్గర, ఒకటి నీ చేతిలో. కానుకలు పట్టేది మీరే అయినా లెక్కపెట్టేటప్పుడు కోశాధికారి పక్కన ఉండాలి, ఇద్దరు సంతకం పెట్టాలి.

ఆశీర్వచనం అయ్యగారిదే. పాపక్షమాపణ ప్రకటన, ప్రభువు బల్ల కూడా అభిషేకం పొందిన గురువులవే. ఆయన ఊళ్లో లేకపోతే మీరు "మీకు" అనకుండా "మనకందరికీ తోడై యుండును గాక" అని కృపావాక్యంతో ముగించాలి. పెద్దలు మొదట పట్టుకునేది ఈ ఒక్క మాటనే. ఒక్కో సంఘానికి ఒక్కో కట్టుబాటు. కాథలిక్కుల ఫాతిమానగర్ కెథడ్రల్‌లో నీ దోస్తు మొదటి పఠనం చదువుతుంది గానీ, సువార్త మాత్రం ఫాదరో డీకనో చదవాల్సిందే.

"పిల్లలకేం తెలుసు" అనే పెద్దమనిషి ప్రతి సంఘంలో ఒకరుంటారు. మన డోర్నకల్‌కు 1912లో అజరయ్యగారు బిషప్ అయినప్పుడు ఆయనకు 38 ఏళ్లు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. అప్పుడూ అడ్డు చెప్పినవాళ్లున్నారు. వాదన పెట్టుకోకు. ఆ పెద్దమనిషికే పాత నిబంధన పాఠం చదవమని ఇవ్వు, వారం ముందే ఇవ్వు.

శుక్రవారం సాయంత్రం గుడిలోనే మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నడిపి చూడండి. పాటలు పల్లవి, ఒక చరణం చాలు. పఠనాలు, ప్రార్థన మాత్రం పూర్తిగా, మైకులోనే. ఒకరిని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, ఏ మాట వినబడలేదో రాయమను. ఆ కాగితం ఫొటో తీసి రాత్రికి నాకు పంపు, బాపు కూడా చూస్తానంటున్నాడు.

ప్రేమతో,
అమ్మ