లేపాక్షి మా జిల్లాలో లేదు

సంపాదకులకు నమస్కారం.

2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలో కలిసింది. దాంతోపాటే అక్కడి నవోదయ విద్యాలయమూ (కేంద్రం నడిపే ఉచిత వసతి బడి) వెళ్లింది. అనంతపురం జిల్లాకు నవోదయ లేకుండా పోయింది. నవోదయ ఉన్న పెదవేగి ఏలూరు జిల్లాలో చేరాక పశ్చిమ గోదావరిదీ అదే గతి. జిల్లాకొక నవోదయ అన్నది 1986 జాతీయ విద్యా విధానం నాటి మాట. మన రాష్ట్రంలో 13 జిల్లాలు ఆ ఏడాది 26 అయ్యాయి, నవోదయలు మాత్రం 15 దగ్గరే ఉన్నాయి. లేపాక్షిలో ఆరో తరగతికి ఉన్న 80 సీట్ల కోసమే అటు హిందూపురం పిల్లలూ ఇటు గుంతకల్లు పిల్లలూ పోటీ పడాలి.

2024 డిసెంబరులో కేంద్రం 28 కొత్త నవోదయలు మంజూరు చేస్తే తెలంగాణకు 7 వచ్చాయి, మనకు ఒక్కటీ రాలేదు. 8 కేంద్రీయ విద్యాలయాలు ఇచ్చారు కదా అనవచ్చు. వాటిలో ముందు వరుస బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లలది, కూలి పనికి వెళ్లేవారి బిడ్డది కాదు. తెలంగాణపై నాకు అసూయ లేదు, 2016లో జిల్లాలు 31 అయ్యాక వాళ్లూ ఎనిమిదేళ్లు ఎదురుచూశారు. అయితే నవోదయకు ఉచితంగా భూమి ఇచ్చి, తాత్కాలిక వసతి చూపవలసింది రాష్ట్రమే. అనంతపురం జిల్లాలో భూమికి కరువా?

సీట్లు ఉన్నా అందుకోవడం వేరే కథ. నేను ప్రాథమిక పాఠశాలలో పనిచేసే రోజుల్లో ఒక పాపను నవోదయ పరీక్షకు తీసుకెళ్లాను. నోటి లెక్కల్లో నాకంటే చురుకు. బయటికి వస్తూనే “అన్నిటికీ టిక్కులు పెట్టేశాను సార్” అంది. నా గుండె జారింది. యంత్రం దిద్దే ఓఎంఆర్ జవాబు పత్రంలో సున్నాలను పెన్నుతో నింపాలని ఆమెకు తెలియదు. చెప్పకపోవడం నా తప్పే. పట్టణాల్లో కోచింగుకు వెళ్లే పిల్లలు ఆ పత్రాలను ఏడాది పొడవునా నింపుతుంటారు. అందులో కొందరు పొలిమేర అవతలి ప్రైవేటు బడిలో పేరు రాయించుకుని, గ్రామీణులకు కేటాయించిన 75 శాతం సీట్లకే వస్తారు.

నవోదయ తప్పిపోతే మిగతా దారులూ తక్కువే. పదో తరగతిలో ఉండే జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఒక్కటి మిగిలింది, అందులో నెగ్గిన పేద పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచి నెలకు 1,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తారు.

కొత్త నవోదయకు రాష్ట్రం స్థలం చూపించాలి. అది తేలేలోగా, వచ్చే పరీక్షకు ముందు ప్రతి ప్రభుత్వ బడిలో అయిదో తరగతి పిల్లల చేత ఒక్కసారైనా నమూనా ఓఎంఆర్ పత్రం నింపించండి. జిరాక్సుకు అయ్యేది రెండు రూపాయలు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంతకల్లు