ద్రవాల మీద ప్రెషర్ పనిచేయదని పిల్లలకి చెప్పొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మత్స్య 6000 అనే జలాంతర వాహనంలో ముగ్గురు మనుషులు సముద్రంలో 6000 మీటర్ల లోతుకి దిగే సముద్రయాన్ సంగతి పేపర్లో చదివి మా ఇంటర్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది, సార్ అంత కింద 600 అట్మాస్ఫియర్ల ప్రెషర్ ఉంటుంది కదా మరి నీళ్ళ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) మారదా అని. మేం చెప్పే పాఠం ప్రకారం మారకూడదు, లీ షాట్లియర్ సూత్రంలో (సమతాస్థితిలో ఉన్న చర్యని కదిపితే అది ఆ మార్పుని తగ్గించే వైపుకి జరుగుతుంది అనేదే ఆ సూత్రం) ప్రెషర్ అంటే గ్యాసులకే, ద్రవాలు పెద్దగా నొక్కుకోవు కాబట్టి వదిలెయ్యొచ్చు అని చెప్పేసి ముందుకెళ్ళిపోతాం. ఇన్నేళ్ళూ నేనూ అలాగే చెప్పాను, అందుకే ఈ ఉత్తరం.

ఒక నీటి అణువు తన ప్రోటాన్‌ని పక్కదానికి ఇచ్చేస్తే హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ అయాన్లు వస్తాయి కదా, వాటి ఛార్జ్ చుట్టూ ఉన్న నీటి అణువుల్ని దగ్గరికి లాగి గట్టిగా సర్దేస్తుంది, దాంతో వాల్యూమ్ తగ్గుతుంది. మోల్‌కి సుమారు 22 మిల్లీలీటర్లు! అసలు ఒక మోల్ నీళ్ళే 18 మిల్లీలీటర్లు, అంటే కుంచించుకుపోయేది చుట్టుపక్కల నీళ్ళన్నమాట. వాల్యూమ్ తగ్గే వైపుకే ప్రెషర్ నెడుతుంది, ఇదీ లీ షాట్లియర్ మాటే. 25 డిగ్రీల దగ్గర 1000 అట్మాస్ఫియర్లు పెడితే నీటి అయానిక లబ్ధం (ఆ రెండు అయాన్ల గాఢతల్ని గుణిస్తే వచ్చేది) సుమారు రెండింతలవుతుంది, తటస్థ పీహెచ్ 7 నుంచి 6.8కి దిగుతుంది, అయినా అది యాసిడ్ కాదు, రెండు అయాన్లూ సమానంగానే పెరిగాయి కాబట్టి. సముద్రంలో కార్బోనిక్ ఆమ్లం కూడా అంతే, లోతుకి పోయేకొద్దీ ప్రోటాన్ ఇంకా తేలిగ్గా వదులుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది బఫర్ల సంగతి, అంటే పీహెచ్‌ని పెద్దగా మారనివ్వని ద్రావణాలు. ఫాస్ఫేట్ బఫర్‌లో ప్రోటాన్ పోతే ఛార్జీలు పెరుగుతాయి, అందుకే 1000 అట్మాస్ఫియర్లకి దాని పీహెచ్ 0.3, 0.4 దాకా పడిపోతుంది. ట్రిస్ అనే ఇంకో బఫర్‌లో ప్రోటాన్ పోయినా ఛార్జీల లెక్క మారదు, పీహెచ్ దాదాపు కదలదు. ఎంజైముని ఫాస్ఫేట్‌లో పెట్టి నొక్కి, పని తగ్గింది ప్రెషర్ వల్లే అనుకుంటే, అందులో కొంత పీహెచ్ చేసిన పని కావచ్చు.

సిలబస్ పెంచమని అడగట్లేదండీ, "ద్రవాలకి వర్తించదు" అనే దగ్గర "మామూలు ప్రెషర్ల దగ్గర" అని ఒక్క ముక్క చేర్చి, కింద ఆ 22 మిల్లీలీటర్ల లెక్క వేస్తే చాలు. ఆ అమ్మాయికి మర్నాడు క్లాసులో బోర్డు మీద చేసి చూపించా, అందరూ నోట్ చేసుకున్నారు.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్