గ్రేడెడ్ వెండి రూపాయల బేరం

సంపాదకులకు,

వెండి రేటు పెరిగేకొద్దీ గ్రేడింగ్ డబ్బాల్లోని (నాణేన్ని పరీక్షించి, నాణ్యతకు అంకె వేసి సంస్థలు సీలు చేసిచ్చే ప్లాస్టిక్ డబ్బాలు) పాత రూపాయల సెట్లకు నోటికొచ్చిన ధర చెబుతున్నారు. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మల రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. అందులో అసలు వెండి 10.69 గ్రాములు. దాన్ని ఆ రోజు రేటుతో గుణిస్తే కనీస విలువ తేలుతుంది. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే. ఇవి కలిసిన సెట్‌ను గంపగుత్తగా బేరమాడితే లాభం అమ్మేవాడిదే.

డబ్బా డబ్బాకీ విడిగా ధర కట్టండి. చీటీ మీది నంబరును గ్రేడింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే గీతలూ మచ్చలూ పోల్చుకోండి. నకిలీ డబ్బాలూ తిరుగుతున్నాయి. అంకెకు బదులు ‘డీటెయిల్స్’ అని ఉంటే నాణేన్ని తోమారనో, కొక్కెం ఊడదీశారనో అర్థం. మన ఇళ్లలో రూపాయలకు కొక్కెం అతికించి మెడలో వేసుకునేవారు కదా, రాజు తల పైభాగాన అంచు మీద టంకం మరక వెతకండి. అలాంటి దానికి ఎంఎస్ 63 (వాడకంలో అరగని నాణేనికిచ్చే గ్రేడు) ధర అడగడం దబాయింపే.

పోల్చాల్సింది వేలంలో నిజంగా అమ్ముడైన ధరతో. ఆన్‌లైన్‌లో పెట్టిన ధర కోరిక మాత్రమే. వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి తీసుకునే కమిషన్ కలిపిన అంకెనా కాదా అన్నదీ చూడాలి. రాజు దుస్తుల మీది ఏనుగు పందిలా ఉందని గొడవైన 1911 రూపాయికి అదనంగా ఇవ్వొచ్చు. 1912 తర్వాతి మామూలు సంవత్సరాలకు అక్కర్లేదు.

విదేశీ ధరలు చూపి బెదిరిస్తే ఒప్పుకోవద్దు. నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం నిషేధిస్తోంది, ఆ ధర ఇక్కడ చేతికి రాదు.

– ఒక నాణేల సేకరణకర్త, విజయవాడ