సుల్తాన్ ఆ గంటసేపు ఏం చేసింది?

సంపాదకులకు,

టెట్, డీఎస్సీ అనే ఉపాధ్యాయ పరీక్షలకు చదివేవాళ్లలో సుల్తాన్ అనే చింపాంజీ పేరు తెలియనివారు ఉండరు. మనస్తత్వవేత్త కోహ్లర్, చింపాంజీ, రెండు కర్రలు, అంతర్దృష్టి అభ్యసనం (ఉన్నట్టుండి దారి తట్టి నేర్వడం): బిట్టు అక్కడితో సరి. దాంతో తెలివైన పిల్లలకే బుర్రలో ఉన్నట్టుండి వెలుగుతుందన్న అపోహ మిగులుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తెనెరీఫ్ దీవిలో జరిగింది వేరు. కమ్మీల అవతల, ఏ ఒక్క కర్రకూ అందని పండు కోసం సుల్తాన్ గంటకు పైగా తంటాలు పడింది. బోలు కర్రలో కోహ్లర్ వేలు పెట్టి చూపినా దానికి తట్టలేదు. చివరికి పండు సంగతి వదిలేసి కర్రలతో ఆడుకుంటుంటే అవి ఒక వరుసలోకి వచ్చాయి. సన్నదాన్ని లావుదాంట్లోకి దూర్చి కమ్మీల వైపు పరుగెత్తింది. 1945లో బిర్చ్ అనే మనస్తత్వవేత్త ఇంకో సంగతి తేల్చాడు. కర్ర పట్టి ఎరగని చింపాంజీలు చాలావరకు పండును లాక్కోలేకపోయాయి; మూడు రోజులు కర్రలతో ఆడుకోనిచ్చాక ఇట్టే లాగేశాయి.

తరగతిలో సమాంతర చతుర్భుజ వైశాల్యమే తీసుకోండి. భుజాలు 8, 5 సెంటీమీటర్లు, 8 భుజం మీద ఎత్తు 4 ఉండేలా అట్ట కోసి ఇవ్వండి. దీర్ఘచతురస్రం అలవాటు కొద్దీ 40 అనేస్తారు. సూత్రం చెప్పకండి. గళ్ల కాగితం మీద పెట్టి లెక్కపెట్టిస్తే 32 దగ్గర తేలుతుంది. ఆ ఎనిమిది ఎటు పోయిందన్న తగువే అసలు పాఠం. కత్తెరిచ్చి పది నిమిషాలు వదిలేస్తే, ఒక కొస త్రిభుజం కోసి రెండోవైపు అతికించేవాళ్లు బయల్దేరతారు. ఎక్కడ కోయాలో మనమే చూపితే అది అనుకరణే. అర్థమైందో లేదో తేలాలంటే అట్టను తిప్పి 5 భుజం మీద నిలబెట్టండి (మనస్తత్వవేత్త వెర్తైమర్ ఒక బడిలో బొమ్మను ఇలాగే తిప్పి చూశాడు). ఎత్తు 6.4 కొలిచి మళ్లీ 32 అన్నవాడికి వచ్చినట్టు. బట్టీపట్టినవాడు అక్కడే ఆగిపోతాడు.

అలాగని అన్నీ పిల్లలే కనిపెట్టాలనడం చాదస్తం. మూలమట్టం స్కేలుకు ఆనించి లంబం గీయడం చూసి నేర్వాల్సిందే. చూసి నేర్వడానికి శ్రద్ధ, జ్ఞప్తి, చేయగలగడం, ప్రేరణ కావాలని మనస్తత్వవేత్త బాండురా చెప్పిన నాలుగింటిలో మొదటిదాన్ని బోర్డుకు అడ్డంగా నిలబడి మనమే పోగొడతాం. ఎదురుగా నిలబడి చూపితే కుడి ఎడమలు తారుమారు. పిల్లవాడి పక్కనే కూర్చుని, ఒకసారి మాటల్లేకుండా, ఒకసారి చెబుతూ గీసి, వెంటనే వాడిచేత గీయించాలి.

టెట్‌లో శిశువికాసం, పెడగాజీ (బోధనాశాస్త్రం)కి 30 మార్కులున్నాయి. ప్రయోగం ఎవరిది అని అడిగే బదులు, 40 అన్న పిల్లవాడికి తర్వాత ఏ పని ఇస్తారని అడగవచ్చు కదా!

– ఒక గణిత ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా